ఒకవేళమ్మ రాయని వరుస

ఆ మూతల కంపెనీలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ ఒకవేళమ్మే. ఏ విభాగంలో అడుగుపెట్టినా "ఒకవేళ ముడిసరుకు రాకపోతే? ఒకవేళ ఈ మిషను ఆగిపోతే?" అనే మొదలుపెట్టేది మరి. ఆవిడ ఉద్యోగమే అది. కంపెనీ ఎటు వెళ్లదలచుకుందో తెలుసుకుని, ఆ దారిలో గుంటలెక్కడున్నాయో అడిగి ముప్పుల జాబితా తయారుచెయ్యాలి. పెద్ద ముప్పుకి ఎరుపు, ఓ మోస్తరుదానికి పసుపు, ఫరవాలేదనుకుంటే ఆకుపచ్చ.

"శుభం పలకమంటే ఈవిడ ఒకవేళ అంటుంది" అని ఫోర్‌మన్ నవ్వేవాడు. ఎండీగారు మాత్రం ఆ జాబితా ముందు పెట్టుకోనిదే ఏ నిర్ణయమూ తీసుకునేవారు కాదు.

ఆ ఏడు ఎండీగారు పెద్ద అడుగే వెయ్యదలచుకున్నారు. నీళ్ల సీసాల మూతలు వదిలి దగ్గుమందు లాంటి మందు సీసాల మూతలు చెయ్యాలని ఆలోచన. వాటిని పోసే అచ్చులు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. కంపెనీ అచ్చులన్నీ ఒక్కరి షెడ్డు నుంచే వచ్చేవి. ఆ ఒక్కరూ ఒకవేళమ్మ అక్క భర్త. తండ్రి పోయాక పదేళ్ల పిల్లైన ఈవిడని తన ఇంటికి తెచ్చుకుని చదివించిన మనిషి.

ఒక ఆదివారం ఆవిడ షెడ్డుకి వెళ్లేసరికి బావగారు ఆకురాయి పక్కన పెట్టి, అచ్చు అంచుని బొటనవేలితో తడుముతున్నారు.

"ఏంటి బావగారూ, చూడకుండా తడుముతున్నారు?"

ఆయన తల ఎత్తలేదు. "చూపు నడిమధ్యన మరక పడ్డట్టుందమ్మాయ్. పక్కలు కనిపిస్తున్నాయి. ఏది చూడాలనుకుంటే అదే మాయమవుతోంది."

"డాక్టరుకి చూపించారా?"

"ఈ అచ్చులు అయిపోనీ. మీ అక్కకి చెప్పకు, కంగారుపడుతుంది. మీ కంపెనీలో అసలే వద్దు. కళ్లు పోయాయని తెలిస్తే నాకు పనెవరిస్తారు?"

ఆవిడ తలూపింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టలేను కదా అని తనకి తానే సర్దిచెప్పుకుంది. మర్నాడు జాబితాలో అచ్చుల వరుస దగ్గరికొచ్చి చాలాసేపు ఆగింది. పని అంతా ఒక్క మనిషి చేతిలో ఉందంటే, మరెవరి విషయంలోనైనా కళ్లు మూసుకుని ఎరుపు వేసేది. ఆకుపచ్చ వేసింది.

మీటింగులో ఎండీగారు ఆ వరుస మీద వేలు పెట్టారు. "అచ్చులకి ఇబ్బందేం లేదుగా?"

"ఏం లేదు సార్" అంది. ఒక్క ఒకవేళ కూడా నోట రాలేదు.

కొత్త మిషన్లొచ్చాయి. రెండో షిఫ్టుకి నలభైమంది ఆడవాళ్లని తీసుకున్నారు. మూడో నెలలో మందుల కంపెనీ వాళ్లు సరుకంతా తిప్పి పంపారు. వాళ్లు మందు నింపి మూతలు బిగించిన సీసాల పెట్టెలు కూడా అందులో ఉన్నాయి; విప్పితే మందు కారి అడుగున అట్టలన్నీ జిగురుజిగురుగా తడిసి ఉన్నాయి. మూతలు సీసాల మీద సరిగ్గా కూర్చోలేదు. తప్పు అచ్చుల్లో ఉంది. మిషన్లు ఆపేశారు. నలభైమందికీ కబురొచ్చేదాకా రావద్దని చెప్పారు. గేటు దగ్గర వాళ్లు టిఫిను డబ్బాలు సంచుల్లోకి సర్దుకుంటుంటే, ఒకవేళమ్మ కిటికీ దగ్గర నిలబడి చూసింది.

రెండు రోజులు నిప్పుల మీద నడిచినట్టు గడిపి, మూడోనాడు ఎండీగారి గదిలోకి వెళ్లింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఉన్నదంతా చెప్పేసింది.

ఆయన కేకలేస్తే బాగుండుననుకుంది. ఆయన అరవలేదు.

"నువ్వు ఎరుపు వేస్తే ఆయన్ని తీసేస్తాననుకున్నావా?"

"అవును సార్."

"ప్లాను మార్చేవాణ్ణి. మొదట ఒక్క సైజు మూతతో మొదలుపెట్టేవాణ్ణి. రెండో షెడ్డు వెతికేవాణ్ణి. పని నేర్పడానికి ఆయన్నే పిలిచేవాణ్ణి. నీ జాబితా నన్ను భయపెట్టి ఆపడానికనుకున్నావా? నేనెంత దూరం వెళ్లొచ్చో అది చూసే తేల్చుకుంటాను. నువ్వు దారి బాగుందన్నావు, నేను పరిగెత్తాను."

ఒక తప్పు ఒప్పుకున్నాననుకుంటూ ఆవిడ ఇంకో తప్పు చేసింది. బావగారిని అడక్కుండానే ఆయన గుట్టు బయటపెట్టింది. సాయంత్రం వెళ్లి ఆ సంగతి ఆయనకి చెప్పింది.

"వద్దన్నది నేనేలే" అన్నారాయన. "కానీ ఇవాళ వెళ్లేముందు నాకో మాట చెప్పాల్సింది."

గుమ్మంలో నిలబడి అక్క అంతా విన్నది. "ఆయన కళ్ల సంగతి ముందు నాకు తెలియాలా, నీకు తెలియాలా?" అంది. తర్వాత మూడు వారాలు చెల్లెలితో మాట్లాడలేదు. నాలుగు నెలల ముందే చూపించుకుని ఉంటే ఇంకొంచెం చూపు నిలిచేదన్నాడు కళ్ల డాక్టరు. ఆ నాలుగు నెలలూ ఎక్కడికి పోయాయో ఒకవేళమ్మకి తెలుసు.

ఆవిడని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. తన బంధువుల పని ఉన్న వరుసలు మాత్రం ఇంకొకరు రాయాలని ఆవిడే అడిగి రూలు పెట్టించుకుంది. మందు సీసాల మూతలు ఆరు నెలలు ఆలస్యంగా, ఒకే సైజుతో మొదలయ్యాయి. అచ్చులు ఇప్పుడు రెండు షెడ్లలో తయారవుతున్నాయి. బావగారు వారానికి రెండు రోజులు వెళ్లి రెండో షెడ్డువాళ్లకి పని నేర్పుతున్నారు. అంచు మీద గోరు జార్చి గరుకెక్కడుందో చెబితే, వాళ్లు కొలిచి చూసి నోరెళ్లబెడుతున్నారట.

కబురు పంపితే నలభైమందిలో ముప్ఫై ఒక్కమందే వచ్చారు. మిగిలిన తొమ్మిదిమందిలో ఒకామె మొన్న బస్సులో ఒకవేళమ్మ పక్కనే కూర్చుంది. ఏదో బట్టల కొట్లో చేరిందట, రోజంతా నిలబడే ఉండాలట.

"మీరేం చేస్తారు మేడమ్, మీ చేతుల్లో ఏముంది?" అంది నవ్వుతూ.

ఉందని చెప్పాలని నోరు తెరిచింది ఒకవేళమ్మ. అంతలో ఆమె దిగాల్సిన స్టాపు వచ్చింది.