ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టిన లాయరమ్మ

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున నేను జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుంటే పక్కింటి పనమ్మాయి గోడ మీద నుంచి పిలిచింది. "అక్కా, అమ్మగారు లేవట్లేదు" అంది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. డాక్టరుగారు వచ్చి చూసి, నిద్రలోనే పోయారని చెప్పారు. మా లాయరమ్మగారు అలా వెళ్ళిపోయారు.

తర్వాత సంతాప సభ పెట్టారు. ఆవిడ వందల గొడవలు తీర్చారని, ఎన్నో కుటుంబాలను కలిపారని అందరూ చెప్పారు. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను. ఆవిడే ఉంటే "నేనెవర్ని తీర్చడానికి" అని విసుక్కునేవారు. ఆవిడ దగ్గర నేర్చుకున్న లా పిల్లలు, అంటే మీరే, ఏదైనా రాసిమ్మని నన్ను రెండుసార్లు అడిగారు. పదో తరగతి చదివినదాన్ని, నాకేం వస్తుందని తప్పించుకున్నాను. ఆ సభ నుంచి వచ్చాక మాత్రం రాయకుండా ఉండలేకపోయాను. ఆవిడ ఒక గొడవను ఎందుకు తీర్చనన్నారో నాకు తెలుసు. ఆ గొడవ నాది.

నందిగామలో మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒకటే గోడ. చాలా ఏళ్ళు కోర్టులో ప్రాక్టీసు చేసి, తర్వాత విజయవాడలో లా కాలేజీలో పాఠాలు చెప్పి, అది కూడా మానేశాక ఆదివారాలు ఇంటి ముందు గదిలో పిల్లలకు మధ్యవర్తిత్వం నేర్పేవారు. పోట్లాడుకున్న ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, వాళ్ళ దారి వాళ్ళే వెతుక్కునేలా చేసే పని అది. విజయవాడ బస్సు దిగి పది పన్నెండు మంది వచ్చేవారు. ఒక ఉత్తుత్తి గొడవ కాగితం మీద రాసిచ్చేవారు. ఇద్దరు పార్టీలు, ఒకరు మధ్యవర్తి, మిగతావాళ్ళు చూడాలి.

మొదట్లో పార్టీలుగానూ పిల్లలే కూర్చునేవారు. ఒకరోజు ఆవిడ గోడ దగ్గరకొచ్చారు.

"ఏమ్మా, నీకు కోపం వస్తుందా?"

"పెద్దగా రాదండి."

"వస్తుంది, మింగుతావు. అలాంటోళ్ళే కావాలి నాకు. ఈ పిల్లలు పుస్తకంలో ఉన్నట్టు పోట్లాడుకుంటున్నారు. 'గౌరవనీయులైన ఎదుటి పక్షంవారు' అంటాడు ఒకడు. మేక చేలో పడితే అలా అంటారా ఎవరైనా?"

అలా నేను పార్టీనయ్యాను. రెండో పార్టీగా రిటైరైన ఆర్టీసీ కండక్టరుగారిని తీసుకొచ్చారు. అరవడం ఆయనకు ఉద్యోగంలోనే అలవాటైంది. మొదటి వారమే మేక గొడవ ఇచ్చారు. ఆయనది మిరపచేను, నాది మేక.

"మిరపమొక్కలు తినే మేకని నీ ఇంట్లోనే చూశా! పెంచేదానికి కారం ఎక్కువైతే మేక్కీ ఎక్కువవుద్ది" అని మొదలెట్టారాయన.

"మీ కంచె సరిగ్గా ఉంటే మా మేక ఎందుకొస్తదండి?" అన్నాను. నా గొంతు అంత లేస్తుందని నాకే తెలియదు. పిల్లలు నవ్వారు.

ఆ రోజు మధ్యవర్తి మైలవరం నుంచి వచ్చే అమ్మాయి. చురుకైనది. పావుగంటలో తేల్చేసింది. ఈవిడ మేకను కట్టేయాలి, ఆయన కంచె వేసుకోవాలి, ఇద్దరూ సంతకం పెట్టండి అంది. పెట్టాం. అందరూ చప్పట్లు కొట్టారు.

లాయరమ్మగారు కొట్టలేదు. నా వైపు తిరిగి, "సంతకం పెట్టావు కదా. రేపు వీధిలో ఈయన ఎదురైతే?" అని అడిగారు.

"మొహం తిప్పుకుని పోతానండి."

"విన్నారా?" అన్నారు పిల్లలతో. "కాగితం మీద అయిపోయింది. వీధిలో అవలేదు. ఇది తీర్పు, మధ్యవర్తిత్వం కాదు. మళ్ళీ మొదలెట్టండి."

ఆరేళ్ళ పాటు ఆ గదిలో కూర్చుని నేను కూడా కాస్త నేర్చుకున్నాను. మధ్యవర్తి 'ఎందుకు చేశారు' అని అడగకూడదు. అలా అడిగితే బోనెక్కించినట్టు ఉంటుందట. 'ఏం జరిగింది' అనాలి. 'సర్దుకుపోండి' అన్న మాట ఆ గదిలో ఎవరూ పలకకూడదు. పార్టీ చెప్పింది విని, దాన్ని తిరిగి వాళ్ళకే చెప్పి, "ఇదేనా మీరు చెప్పింది?" అని అడగాలి. వాళ్ళు 'కాదు' అంటే కోపం తెచ్చుకోకుండా మళ్ళీ వినాలి. 'అదే' అనేదాకా ముందుకు పోకూడదు. చివర్లో, పిల్లలు రాసుకున్న కాగితాలన్నీ ఆవిడే చింపేసేవారు. ఈ గదిలో మాట గడప దాటకూడదనేవారు.

అన్నిటికంటే కష్టమైనది కుర్చీలు మారడం. సగం మాట్లాడుకున్నాక పార్టీలిద్దరం లేచి ఒకరి కుర్చీలో ఒకరం కూర్చోవాలి. ఎదుటివాళ్ళలాగే, 'నేను' అంటూ వాళ్ళ బాధ చెప్పాలి. కండక్టరుగారు నా కుర్చీలో కూర్చుని మేక తల్లిలా ఏడ్చేవారు. ఎంత నవ్వుకున్నా, ఆ తర్వాత గొడవ మాత్రం మునుపటిలా సాగేది కాదు.

ఇంత నేర్పినావిడ తను మాత్రం పాలవాడితో రోజూ పోట్లాడేవారు. "మీరు నేర్పేదేంటి, చేసేదేంటండీ" అంటే, "వంట మాస్టారు ఇంట్లో వండుతాడా?" అనేవారు. టీ చల్లారిపోయాక గానీ తాగేవారు కాదు. మధ్యాహ్నం అజాన్ వినపడగానే ఎవరు ఎక్కడున్నా ఆపేసి, నన్ను చూపించి, "పార్టీ నమాజుకి వెళ్ళాలి. పది నిమిషాలు కాళ్ళు చాపుకోండి" అనేవారు. ఒక్క వారమూ మరిచిపోలేదు.

ఇక నా సంగతి చెప్పాలి. మా అమ్మ నా దగ్గరే, నందిగామలో పోయింది. ఎండాకాలం. మా అన్నయ్య అప్పుడు లారీ నడిపేవాడు, హైదరాబాదు అవతల ఉన్నాడు. కబురందగానే బయల్దేరానన్నాడు. మాలో మట్టిని, అంటే ఖననాన్ని, ఆలస్యం చేయకూడదంటారు. మసీదు పెద్దలు మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకెళ్దామా, అన్న వచ్చేదాకా ఆగుదామా అని నన్ను అడిగారు. నేను "ఆపొద్దు, అమ్మను ఆపొద్దు" అన్నాను. అదే ధర్మమనుకున్నాను. అన్నయ్య వచ్చేసరికి మట్టి వేసి అందరూ ఇళ్ళకు తిరిగొచ్చారు. గుమ్మంలో నిలబడి నా వైపు ఒక్కసారి చూసి, నీళ్ళు కూడా తాగకుండా జగ్గయ్యపేట వెళ్ళిపోయాడు. తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు. మేనకోడలి పెళ్ళి అయిన సంగతి నాకు బట్టలు కుట్టించుకునేవాళ్ళ ద్వారా తెలిసింది. నేను చేసింది తప్పు కాదు కదా, నాకెందుకీ శిక్ష అని ప్రతి నమాజులో అల్లాను అడిగేదాన్ని.

సొంత గొడవలు ఈ గదిలోకి తేవద్దని లాయరమ్మగారు అందరికీ ముందే చెప్పేవారు. నేనూ తేలేదు. ఒక ఆదివారం అన్నాచెల్లెళ్ళ గొడవ ఇచ్చారు. వాళ్ళ నాన్న సైకిలు ఎవరికి అని. నేను చెల్లెల్ని, కండక్టరుగారు అన్న. బాగానే సాగింది. కుర్చీలు మారాం. మధ్యవర్తిగా ఉన్న అబ్బాయి నన్ను, "ఏం జరిగిందన్నా?" అని అడిగాడు.

సైకిలు గురించి చెప్పాలని నోరు తెరిచాను. "బండి తోలుకుంటూ వస్తున్నా" అన్నాను. "పొద్దుట్నించి మంచినీళ్ళు కూడా తాగలా. ఎక్కడిదాకా వచ్చావని ఒక్కళ్ళు అడగలా. ఫోను చెల్లెలి చేతిలోనే ఉంది. అదీ అడగలా."

ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలియదు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టని సంగతి నా నోటితో నేనే విన్నాను. నేను నిజంగానే అడగలేదు. 'ఎక్కడున్నావన్నా' అని ఒక్క ఫోను చేస్తే సరిపోయేది.

లాయరమ్మగారు పిల్లల్ని టీకి పంపేశారు. నన్ను ఓదార్చలేదు. "ఇప్పుడు మాట్లాడిందెవరమ్మా?" అన్నారు.

"మా అన్నయ్యండి."

"నువ్వు ఆయన తరఫున ఇలా మాట్లాడగలవని ఆయనకి తెలుసా?"

తెలియదన్నాను. "మీరొచ్చి మా ఇద్దరికీ మధ్యలో కూర్చోండమ్మా. మీ మాట ఎవరైనా వింటారు" అని చేతులు పట్టుకున్నాను.

"నేను రాను."

"ఇంతమందికి చేస్తారు, నాకు చేయరా?"

"నేను నీ పక్కింటిదాన్ని. నీ చేతి సేమ్యా తిన్నదాన్ని. ఆయనకి నేను మధ్యవర్తినెలా అవుతా? చెల్లెలు లాయర్ని తోడు తెచ్చుకుందనుకుంటాడు. అప్పుడు ఇంకో తొమ్మిదేళ్ళు."

నాకు కోపమొచ్చింది. నిజంగానే వచ్చింది. మూడు ఆదివారాలు ఆ గదికి వెళ్ళలేదు. ఆవిడ పిలవలేదు. నాలుగో వారం నేనే గోడ దగ్గర నిలబడితే, నిన్ననే మాట్లాడుకున్నట్టు చెప్పారు: "క్షమించమని మొదలెట్టకు. అలా అంటే ఆ బరువు కూడా ఆయన మీదే పెట్టినట్టవుద్ది. ఆయన మాట ఆయనకి చెప్పు. 'ఇదేనా' అని అడుగు. 'కాదు' అంటాడు. నొచ్చుకోకుండా మళ్ళీ విను. అంతే."

అన్నయ్య లారీ మానేసి జగ్గయ్యపేట నుంచి పెనుగంచిప్రోలుకు ఆటో తోలుతున్నాడని విన్నాను. బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగి, స్టాండులో ఆయన ఆటో వెతుక్కుని, వెనక సీట్లో ఇద్దరి మధ్య కూర్చున్నాను. అద్దంలో చూశాడు. బండి స్టార్టు చేశాడు. దారంతా మనసులో దువా చదువుకున్నాను. పెనుగంచిప్రోలులో అందరూ దిగారు. నేను దిగలేదు.

"దిగు. ఇదే లాస్టు" అన్నాడు ముందుకే చూస్తూ. తొమ్మిదేళ్ళలో నాతో అన్న మొదటి మాట.

"దిగనన్నా. ఒక్క మాట చెప్పి పోతా." ఆ గదిలో చెప్పినట్టే చెప్పాను. "ఆ రోజు నువ్వు ఎక్కడిదాకా వచ్చావో ఎవరూ అడగలా. నేను కూడా అడగలా. అదేనా అన్నా నీ బాధ?"

హ్యాండిల్ మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు. తర్వాత "కాదు" అన్నాడు.

నేను నూటికి నూరు పాళ్ళు అదే అనుకున్నాను. అంత కష్టపడి తెలుసుకున్నదాన్ని కాదంటున్నాడని నొచ్చుకోబోయాను కూడా. ఆవిడ మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. "మరి చెప్పన్నా. వింటా" అన్నాను.

"కోదాడ దాటేశా నేను. ఇంకో గంట. నేనే ఫోన్ చేసి ఆపమని చెప్పొచ్చు. చెప్పలా." అద్దంలో నన్ను చూశాడు. "నువ్వున్నావు కదా అక్కడ, నువ్వు చెప్తావులే అనుకున్నా. నాకు వేరే ఎవరున్నారు చెప్పడానికి?"

ఆయన కోపం సగం నా మీద, సగం తన మీదే అని అప్పటిదాకా నాకు తెలియదు. ఏడవకుండా తిరిగి చెప్పాను. "నీ తరఫున నేను మాట్లాడతాననుకున్నావు. నేను మాట్లాడలా. ఇదేనా అన్నా?"

"ఆ" అన్నాడు. "అదే."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఆటో వెనక్కి తిప్పాడు. జగ్గయ్యపేట వచ్చేదాకా ఒక్క మనిషిని కూడా ఎక్కించుకోలేదు. చెయ్యెత్తినవాళ్ళకు కూడా ఆపలేదు. బస్టాండు దాటిపోతుంటే, "ఎటన్నా?" అన్నాను. "మీ వదిన ఇంట్లోనే ఉంది. టీ తాగి పో" అన్నాడు.

సాయంత్రం పరుగున వెళ్ళి లాయరమ్మగారికి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "నాకు చెప్పకు. అవి మీ ఇద్దరి మాటలు. టీ తాగావా లేదా?"

"తాగానండి."

"చాలు" అన్నారు. ఆ రోజు మాత్రం ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

అందుకే ఆవిడ మా గొడవ తీర్చారని ఎవరైనా అంటే ఒప్పుకోలేను. తీర్చడానికి రానన్నారు. వచ్చి ఉంటే మా అన్నయ్య పెద్దావిడ మాటకు మర్యాద ఇచ్చి 'సరే' అనేవాడు. 'కాదు' అనేవాడు కాదు. ఆ 'కాదు' అన్నందువల్లే మాకు దారి దొరికింది. పిల్లలూ, మీరు రేపు పెద్ద లాయర్లవుతారు. మీకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. మైలవరం అమ్మాయి ఇప్పుడు ఆదివారాలు తను నడుపుతానంది. లాయరమ్మగారి చెల్లెలు ముందు గది తాళం నాకు ఇచ్చారు. కండక్టరుగారు వస్తానన్నారు. కుర్చీలు తుడిచి పెడతాను.

పోయిన శుక్రవారం అన్నయ్య నందిగామ వచ్చాడు. ఇద్దరం అమ్మ దగ్గరకు వెళ్ళాం. మా ఆడవాళ్ళం ఖబరస్తాన్ లోపలికి వెళ్ళం, నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ఆయన లోపలికి వెళ్ళి, అమ్మ మట్టి పక్కన నిలబడి చేతులెత్తాడు. నేనూ ఎత్తాను. అమ్మ కోసం అయ్యాక లాయరమ్మగారి కోసం కూడా అడిగాను, అందుకని నాకు ఆలస్యమైంది. కళ్ళు తెరిచి చూస్తే, అంత ఎండలో అన్నయ్య నా వైపు తిరిగి, చేతులు ఇంకా ఎత్తే ఉన్నాడు. నేను దించాకే దించాడు.

ఈ కాగితాలు మీ దగ్గర జాగ్రత్తగా ఉంచండి. ఫోటో తీసి ఎవరికీ పంపొద్దు, చూపించొద్దు. ఇందులో సగం మాటలు మా అన్నయ్యవి. ఆయన్ని నేనింకా అడగలేదు.