స్లాబు వేసిన శనివారం

పోయిన నెల ఒక మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చానో లేదో ఫోను మోగింది. మా శాఖలో ఇప్పుడు పనిచేస్తున్న కుర్ర ఇంజినీరు. జగిత్యాల దగ్గరి మేడిపల్లి అవతల ఒక ఊళ్ళో పాత బడి గదులు కూల్చి కొత్తవి కడుతున్నారట, పాత నక్షా కోసం ఫైళ్ళు వెతికితే అందులో నా సంతకం కనబడిందట. అడగాల్సినవన్నీ అడిగి ఫోను పెట్టబోతూ, "వరండా స్లాబు మస్తు గట్టిగున్నది సార్, మిషను రెండు పూటలు కొడితె గని ఇరుగలేదు. మీరు దగ్గరుండి ఏయించిండ్రా?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను లేచి కూర్చున్నాను. అవునన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆ స్లాబు రెండుసార్లు వేశామని, మొదటిసారి నేను దగ్గర లేనని అతనికి చెప్పలేదు. ముప్పై ఏళ్ళకు పైబడి మా ఆవిడకే చెప్పని సంగతి. నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు, ఆ రోజులు చూసినవాళ్ళు గనక కొంత చెప్పకుండానే అర్థమవుతుంది.

మాది సిరిసిల్ల. నాన్న సగం వయసు చేతిమగ్గం మీద, మిగతా సగం వేరొకరి షెడ్డులో మరమగ్గాల చప్పుడులో గడిపాడు. నేను ఇంజినీరునై కోరుట్లలో ఉద్యోగంలో చేరిన రోజు ఆయన షెడ్డుకు పోకుండా ఇంట్లో కూర్చున్నాడు, ఆయనకు తెలిసిన పండుగ అదే. అంతటితో నేను ఆగితే బాగుండేది. కానీ ఒకసారి జగిత్యాల ఆఫీసులో ఏదో డిజైను గురించి అడిగితే, అవన్నీ పట్నం నుంచి వస్తాయి, మీరు కొలతలు రాసుకోండి చాలు అని పై అధికారి నలుగురిలో నవ్వాడు. ఆ నవ్వు నాకు ముల్లులా దిగింది. నక్షాలో గీసిన ప్రతి ఇనుప సలాక అక్కడే ఎందుకుండాలో తెలుసుకోవాలన్న పిచ్చి పట్టుకుని, పనిచేసేవాళ్ళ కోసం పట్నంలో శని, ఆదివారాలు నడిపే ఎం.టెక్. స్ట్రక్చరల్ ఇంజినీరింగులో చేరాను. శాఖ అనుమతి కాగితంలో ఒకే ఒక్క మెలిక ఉంది, విధులకు ఆటంకం కలిగితే అనుమతి రద్దు. మాకేమో శనివారం పనిదినం. శుక్రవారం సాయంత్రం రిజిస్టరులో 'రేపు పని స్థలం తనిఖీ' అని రాసి బస్సెక్కేవాణ్ణి. మొదటిసారి రాయడానికి ఆఫీసు ఖాళీ అయ్యేదాకా ఆగాను, పదోసారికి చేతికి అలవాటైపోయింది.

ఆ బస్సు ప్రయాణాలు మీకు గుర్తుండే ఉంటాయి. జగిత్యాల దాటామో లేదో ఎక్కడో ఒకచోట పోలీసులు బస్సు ఆపి అందరినీ దింపేవారు. ఒకసారి నా సంచీలో లెక్కల కాగితాలు చూసి, ఆ బాణం గుర్తులు, ఆ గ్రీకు అక్షరాలు ఏ రహస్య భాషోనని ఒక జవాను అరగంట నిలబెట్టాడు. అది దూలం వంగే లెక్క అని నేను రోడ్డు పక్కన కర్రపుల్ల వంచి చూపించాల్సి వచ్చింది. పరీక్షలో నాకు అంత మంచి జవాబు ఎప్పుడూ కుదరలేదు. అటు అన్నలు, ఇటు పోలీసులు, మధ్యలో జనం ఎవరినీ ఎక్కువసేపు చూడకుండా, ఏదీ గట్టిగా మాట్లాడకుండా బతకడం నేర్చుకున్న కాలం అది.

ఆ బడి పనికి పెద్దమేస్త్రి నాకన్నా పదేళ్ళు పెద్ద. కల్లుగీత పని చేసే ఇంట్లో పుట్టి, తాళ్ళు ఎక్కడం వదిలి తాపీ పట్టినవాడు. ఎంత ఎత్తు గోడైనా పరంజా మీద తాడిచెట్టు ఎక్కినట్టే ఎక్కేవాడు. దేనికైనా ఎందుకని అడిగే గుణం ఉంది అతనికి. సోమవారం నేను పనికి రాగానే పట్నంలో ఏం చెప్పారని అడిగి, ఇసుక మీద పుల్లతో గీసి చెబుతుంటే గొంతుక్కూర్చుని వినేవాడు. నా చదువు సంగతి ఆఫీసులో అందరికీ ఎగతాళి, ఇంట్లో మా ఆవిడకు బెంగ. శ్రద్ధగా విన్నది ఆ మేస్త్రి ఒక్కడే. ముందుకు పొడుచుకొచ్చిన స్లాబులో సలాకలు పైన ఎందుకుండాలో కూడా అతనికి నేనే చెప్పాను. అది నాకు అరటిపండు ఒలిచినట్టు చెప్పింది మాత్రం మా నాన్న. దారం నెడితే ముడుచుకుంటుంది, లాగితేనే పనిచేస్తుంది, ఎక్కడ లాగుడుంటే అక్కడ పెట్టమన్నాడు. కొస వేలాడే స్లాబుకు లాగుడు పైన. సలాకలు కిందికి జారితే ఉన్నా లేనట్టే.

బడి వరండా మీద ఆరడుగులు ముందుకొచ్చే స్లాబు, కింద స్తంభాలు లేవు. ఎండకూ వానకూ పిల్లలు కూర్చునేది దాని కిందే. గుత్తేదారు శనివారానికి మిక్సరు మాట్లాడుకున్నాడు. సలాకలు పైనే నిలిచేందుకు కింద పెట్టే ఇనుప కుర్చీలను శుక్రవారం నేను వంపించి పెట్టించాలి. మర్నాడు క్లాసులో నా థీసిస్ మీద చర్చ, మనసంతా అక్కడే ఉంది, మరిచాను. మేస్త్రి మాత్రం, "సోమారం ఏద్దాం సారూ, మీరుంటె ధైర్నం" అన్నాడు. ఏం కాదు కానివ్వమని బస్సెక్కాను. ఆ శనివారం పట్నంలో బోర్డు ముందు నిలబడి, సరిగ్గా అలాంటి స్లాబు గురించే మాట్లాడి మెప్పు పొందాను. నవ్వొచ్చే సంగతే, నాకు మాత్రం ఇంతవరకూ నవ్వు రాలేదు.

సోమవారం నేను అడగకముందే మేస్త్రి ఎదురొచ్చాడు. "నా తప్పే సారూ. తట్టలు మోసెటోళ్ళు మీద నడిసిండ్రు, సలాకలు కిందికి వొయినయ్. నేను సూసెవరకు సగం అయిపోయింది." కాంక్రీటు కప్పేశాక లోపల ఏముందో ఎవరికీ కనబడదు, చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. చెప్పాడు. అప్పుడు నేను చేయాల్సింది ఒక్కటే, ఉన్నదున్నట్టు రాసి స్లాబు పగలగొట్టించడం. రాస్తే, ఆ రోజు మీరెక్కడున్నారన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. చివరి పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి. చెక్కలు వేరే పనికి కావాలని, స్లాబు కింద ఆనించిన సెంట్రింగ్ విప్పుతానని గుత్తేదారు తొందరపెడుతున్నాడు. విప్పితే ఆ రోజో, మొదటి వానకో, పిల్లల మీద పడుతుంది. విప్పకుండా నెల ఆపాలి, ఎందుకాపానో చెప్పకూడదు. కుడితిలో పడ్డ ఎలుకలా రెండు రోజులు కొట్టుకుని మూడో రోజు ఉత్తరం రాశాను. గుర్తు తెలియని సాయుధులు పని స్థలానికి వచ్చి పని ఆపమని హెచ్చరించారు, కావున పరిస్థితి చక్కబడే వరకు పని నిలిపివేయడమైనది.

ఆ రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు మాకు కొత్త కాదు. పని మొదలుపెట్టనివాడూ, పూర్తి చేయనివాడూ అన్నల మీదికే నెట్టేవాడు. ఎవరూ వెళ్ళి అన్నలను అడగరు గదా. గుత్తేదారు ఆ ఛాయలకే రాలేదు, సెంట్రింగ్ అలాగే నిలిచింది. ఎంత తెలివైనవాణ్ణని లోలోపల మురిశాను కూడా. కానీ ఉత్తరం అడుగున, నకలు ఒకటి పోలీసులకు అని అలవాటుగా రాశాను. అది నియమం. రాస్తున్నప్పుడు అదెక్కడికి దారి తీస్తుందో తెలియదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. తెలుసు. తెలియనట్టు ఉండడం సులువైంది.

పరీక్షలు రాసి తిరిగొచ్చేసరికి మా వర్క్ ఇన్‌స్పెక్టరు బస్టాండులోనే చెప్పాడు. పని స్థలంలో గుడిసె వేసుకుని ఉన్నది మేస్త్రే గనక ముందు అతణ్ణే తీసుకెళ్ళారు. వచ్చిందెవరు, ఎంతమంది, పేర్లేమిటి అని నాలుగు రోజులు ఉంచుకున్నారు. రానివాళ్ళ పేర్లు ఎవరు చెప్పగలరు? నేను వెళ్ళేసరికి మంచం మీద ఉన్నాడు, రెండు పాదాలకూ పసుపు కట్లు. అతని భార్య నాకు చాయ తెచ్చి ఇచ్చింది. ఎవరూ రాలేదని రెండు రోజులు చెప్పాడట, తరువాత తట్టుకోలేక ముగ్గురు వచ్చారని, ఒకడు పొడుగని, తోచింది చెప్పాడట. పేర్లు తెలియవన్నందుకు ఇంకొక రోజు. అంతా చెప్పి, గొంతు తగ్గించి, "సారూ, నిజంగ అచ్చిండ్రా? మీకాడికన్న అచ్చిండ్రా?" అని అడిగాడు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్న నేను తల ఊపాను. నా దగ్గరికి వచ్చారని చెప్పాను. అతని ముఖం తేటపడింది. "గట్లయితె ఫర్వలే సారూ, ఉత్తగ తన్నులు తిన్ననేమో అనుకున్న" అన్నాడు. నేను చేసిన తప్పుల్లో ఆ తల ఊపడమే అన్నిటికన్నా పెద్దదని ఇప్పుడనిపిస్తుంది.

ఆ తరువాత, ఆలస్యంలో సెంట్రింగ్ కదిలిందని ఇంకొక అబద్ధం రాసి స్లాబు పగలగొట్టించాను. మళ్ళీ వేసిన రోజు పొద్దుటి నుంచి ఒక్క క్షణం కదలకుండా ఎండలో నిలబడ్డాను, కుర్చీలు నా చేతులతో సర్దాను. కింద సిమెంటు బస్తా మీద కూర్చుని మేస్త్రి చూస్తున్నాడు. అతను మళ్ళీ పరంజా ఎక్కలేదు. ఆ ఏడాది నాకు పట్టా వచ్చింది, దాంతోపాటే డిజైనుల విభాగంలో కుర్చీ వచ్చింది. సిరిసిల్లలో నాన్న ఆ పట్టాను మగ్గం గుడ్డతో తుడిచి గోడకు కొట్టాడు. మేస్త్రికి నాకు చేతనైనంత కాలం నేల మీద చేసే పనులు ఇప్పించాను, బండలు పరచడం, ప్రహరీలు కట్టడం. ఎదురుపడ్డప్పుడల్లా దండం పెట్టేవాడు. ఆ దండం తప్పించుకోవడానికి నేను దారి మార్చిన రోజులున్నాయి.

ఫోను వచ్చాక నిలవలేక, పోయిన వారం వెళ్ళాను. బడి స్థలంలో మట్టికుప్ప మాత్రం ఉంది. మేస్త్రికి ఎనభై దాటాయి, చూపు మందగించింది, గొంతు పట్టి నన్ను పోల్చుకున్నాడు. ఈసారి దాచలేదు. ఎవరూ రాలేదని, నా పరీక్షల కోసం ఆ ఉత్తరం నేనే పుట్టించానని, నా దగ్గరికీ ఎవరూ రాలేదని వరసగా చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. అతను ఓపికగా విని, చిన్నపిల్లవాడి పొరపాటు దిద్దినట్టు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముగ్గురచ్చిండ్రు సారూ. అండ్ల ఒకడు మంచిగ సదువుకున్నోడు. స్లాబు కింద నిలవడి పైకి సూసి, సలాకలు కిందికి వొయినయ్, పోరగాండ్లు కూసుండే జాగ, ఇరుగ్గొట్టుండ్రి అన్నడు. మీకేమెరుక, మీరు గప్పుడు పట్నంల ఉంటిరి గద."

తిరుగు బస్సులో ఎవరూ నా సంచీ వెతకలేదు. పక్క సీట్లో ఒక అమ్మాయి ఫోనులోనే ఏదో పాఠం వింటోంది, చదువు కోసం ఉన్నచోటు వదిలే పని ఇప్పుడు లేదు. కాంక్రీటు లారీలో కలిపి తెస్తున్నారు, సలాకల కింద పెట్టే కుర్చీలు దుకాణంలో తయారుగా దొరుకుతున్నాయి. ఇవన్నీ అప్పుడే ఉంటే అని జగిత్యాల దాకా అనుకుంటూ వచ్చాను. ఉన్నా ఏం లాభం, ఆ శనివారం స్లాబు కింద నిలబడి పైకి చూడాల్సింది నేను. నేను లేని చోట మేస్త్రి తన మనసులో ఒక మనిషిని నిలబెట్టుకున్నాడు, వాడు నాకన్నా మంచి ఇంజినీరు.