మంచి ముక్కకు ఎర్ర చుక్క

ఇన్నేళ్ళూ నా మాట ఎవరూ వినలేదు. ముందు ఈ సంగతి చెప్పి తీరాలి. పనిచేసే బల్ల మీద వెలుతురు చాలడం లేదని అర్జీ పెట్టాను, వినలేదు. ఆ గదిలో గాలి ఆడదని చెప్పాను, వినలేదు. చివరికి నేను చేసిన తప్పు చెప్పుకుందామని వెళితే, అదీ వినలేదు. ఇనుము మింగినవాడిలా దాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. మీరైనా చివరిదాకా వినండి.

అమీర్‌పేటలో సందు సందుకూ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు పుట్టుకొస్తున్న రోజులవి. అలాంటి ఒక భవనం కింది గదిలో మేము ఒక కారు కంపెనీ తరఫున విడిభాగాలు తనిఖీ చేసేవాళ్ళం. పైన పాఠం వినడానికి మెట్ల మీదదాకా జనం. నేను మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి. మెట్లెక్కే కుర్రాడొకడు లోపలికి తొంగి చూసి, పాత ఇనుము కొంటారా అని అడిగాడు. వాడి మొహం నాకింకా గుర్తుంది. నేనేదీ మరిచిపోను. అదే నా జబ్బేమో.

కొత్త మోడల్ కారు మొదలయ్యే రోజుల్లో ఏ ముక్కనూ ఊరికే నమ్మరు. ప్రతిదాన్నీ చేత్తో పట్టి, అంచు తడిమి చూడాలి. బాగుంటే ఆకుపచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క. వరసగా కొన్ని బ్యాచ్‌లు ఒక్క తప్పూ లేకుండా వెళితే, ఆ ముక్కలు చేసే వర్క్‌షాప్‌ను ఈ తనిఖీ నుంచి వదిలేసి, పెద్ద ఆర్డరు ఇస్తారు. మధ్యలో ఒక్కటి చెడినా లెక్క మళ్ళీ మొదటికే. చెడ్డ ముక్కను మంచిదన్నవాడికి ఉద్యోగం పోతుంది. మంచి ముక్కను చెడ్డదన్నవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నాకు ఆ రోజుకు ముందే తెలుసు.

గౌస్ భాయ్‌ది బోరబండలో చిన్న షెడ్డు. సీటు కింద బిగించే క్లాంపులు చేసేవాడు. ఇనప రేకును నొక్కి ముక్కలు తీసే ప్రెస్ నడిపేది యాదగిరి. షెడ్డు పెట్టిన రోజు నుంచీ ఉన్న మనిషి. చివరి బ్యాచ్‌తో ఇద్దరూ ట్రాలీ ఆటోలో వచ్చారు. ఇది దాటితే పెద్ద ఆర్డరు వాళ్ళదే. అందుకే కారు కంపెనీ ఇంజనీరు వచ్చాడు, పంజాగుట్ట ఆఫీసు నుంచి మా మేనేజరు గారూ వచ్చారు. గౌస్ భాయ్ అందరికీ ఉస్మానియా బిస్కెట్లు పంచాడు. నా దగ్గరికొచ్చేసరికి ఆగాడు.

"ఈ సార్‌తోని జర భద్రం. గీ ముక్కలు సుత ఈయనకు జవాబు చెప్పాలె. లేకుంటే వాటి మీద సుత అర్జీ పెడ్తడు!"

ట్రేలు దించుతున్న యాదగిరి తప్ప అందరూ నవ్వారు. మేనేజరు గారు అందరికంటే ఎక్కువసేపు నవ్వారు. నా అర్జీల సంగతి బయటివాడికి ఎవరు చెప్పారు? ఆయనే కదా. నేనూ నవ్వినట్టే మొహం పెట్టాను.

తరవాత వాళ్ళంతా టీకి బయటికి వెళ్ళారు. నేను, బల్ల, చివరి ట్రే. ముక్కలన్నీ బాగున్నాయి. అంచులు నున్నగా ఉన్నాయి. ఒక్కటైనా దొరక్కపోతుందా అని వెతికాను. నిజం చెప్పాలంటే అక్కడే తప్పు మొదలైంది, చెయ్యి తరవాత కదిలింది. దొరకలేదు. అప్పుడొక మంచి క్లాంపు తీసి, బల్ల ఇనప అంచుకేసి కొట్టాను. పై గదిలో మాస్టారి గొంతు ఆగకుండా వినిపిస్తోంది. ఇంకోసారి కొట్టాను. అంచు లేచింది. వేలికి గుచ్చుకుంది.

ఇప్పటికైనా దాన్ని జేబులో వేసుకోవచ్చు. ఒక ముక్క తగ్గితే ఎవరికి తెలుస్తుంది? గుమ్మం అవతల వాళ్ళ నవ్వులు. నన్ను గురించేనా? ఇప్పటికీ తెలియదు. బహుశా కాదు. ఎర్ర చుక్క పెట్టాను.

"గౌస్ గారూ, ఒకసారి ఇలా రండి."

టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు, వెనకే మిగతావాళ్ళూ. "ఏంది సార్, అర్జీ తయారైందా?"

"అంచు చూడండి."

బొటనవేలితో తడిమాడు. మొహంలో నవ్వు పోయింది. "ఒక్కటేనా సార్?"

"ఒక్కటైనా తప్పు తప్పే కదండీ."

వెనక్కి తిరిగాడు. "యాదగిరీ, ఏందిరా గిది? ఆఖరి దినం గిట్ల జేస్తివేందిరా?"

యాదగిరి దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. గొడవ పడతాడనుకున్నాను. పడితే బాగుండుననీ అనుకున్నాను.

"పొద్దుగాలనే అన్నీ తుడ్శి చూస్కున్న అన్నా," అన్నాడు. ముక్కను బల్ల మీద పెట్టేసి, "ఏమో. నా చెయ్యే తప్పిందేమో."

నేను ఆ ముక్కను ఇంజనీరు ముందుకు జరిపాను. ఇంజనీరు చూసి తలాడించాడు. మేనేజరు గారు నా భుజం తట్టి, "మీ కళ్ళకు దండం పెట్టాలండీ" అన్నారు. అన్నేళ్ళ ఉద్యోగంలో నాకు దొరికిన మొదటి మెప్పు. అది తియ్యగా ఉంది. ఇది కూడా ఒప్పుకోవాలి.

లెక్క మళ్ళీ మొదటి నుంచి పూర్తయ్యేదాకా కంపెనీ ఆగలేదు. ఆర్డరు ఇంకో వర్క్‌షాప్‌కు పోయింది. చాలా రోజుల తరవాత యాదగిరి పంజాగుట్ట బస్టాపులో కనిపించాడు. బోరబండలోనే సిమెంటు బస్తాలు మోస్తున్నానన్నాడు. గౌస్ భాయ్ పొమ్మనలేదట. తన చెయ్యి మీద తనకే నమ్మకం పోయి, ప్రెస్ ముట్టుకోవడం మానేశాడట. నమస్తే పెట్టి మరీ చెప్పాడు. నేను ఏదో బస్సు రాగానే ఎక్కేశాను. అది నా బస్సు కాదు.

మర్నాడే మేనేజరు గారి గదికి వెళ్ళాను. "ఆ క్లాంపు సంగతి మాట్లాడాలండీ" అన్నానో లేదో, ఆయన ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "మళ్ళీ ఏంటండీ? ట్యూబ్‌లైటు వేయించాంగా!" అన్నారు. బయటికొచ్చేశాను. ఆయన వినలేదని ఇన్నేళ్ళూ ఆయన మీద కోపం పెట్టుకున్నాను. విననందుకు కోపమా, వినకపోవడం నాకు కలిసొచ్చినందుకా? బోరబండ బస్సు మా సందు చివరే ఆగేది. ఒక్కసారైనా ఎక్కానా? నన్ను అవమానించినవాళ్ళందరూ నాకు గుర్తే. నేను ముంచినవాడి ఇల్లెక్కడో మాత్రం కనుక్కోలేదు. గౌస్ భాయ్ ఆడిన మాట వేళాకోళం. దానికి నేను వేసిన శిక్ష, నవ్వనైనా నవ్వని మనిషి మీద పడింది.

ఆ ముక్క మంచిది. నేనే చెడగొట్టాను. యాదగిరి చెయ్యి తప్పలేదు. ఈ మూడు మాటలూ కాగితం మీద పడ్డాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకంటే ఎక్కువ నేను అడగకూడదు. క్షమించమనను. కానీ గౌస్ భాయ్, యాదగిరీ, ఇది మీ కంటపడితే నేనెవరో మీకు ఇట్టే తెలుస్తుంది. తిట్టండి. కొట్టడానికి రండి. పదిమందిలో నిలబెట్టి అడగండి. ఊరుకోవడం మాత్రం వద్దు. మీ ఇద్దరిలో ఒకరైనా నాకు జవాబు చెప్పి తీరాలి.