తురాన్ ఫౌజు ప్రాణహిత దాటిన నాడు

శుక్ల నామ సంవత్సరం, ఇంగ్రేజీ లెక్కన 1869, వానలు వెనుకబట్టినంక నాకు సిరొంచ డిప్టీ కమీషనర్ కచేరిలో దుబాసి పని ఇస్తూ హుకుం వచ్చింది. చాందా నుంచి ఏనుగు మీద వచ్చి ఆ పనిలో చేరిన. జిల్లాలో దొర తర్వాత మాట చెల్లేది నాదే.

ఇది చదివితే మా మనుమరాలు నవ్వుతది కనుక ఇప్పుడే ఒప్పుకుంట. ఏనుగు మీద వచ్చినవి కచేరి డేరాలు. నేను దాని వెనుక ఎడ్లబండిలో దుమ్ము మింగుకుంట వచ్చిన. దొర తర్వాత తహసీల్దారు, ఆయన కింద సిరస్తాదారు, ఆయన కింద గుమాస్తాలు ఉండిరి. వాళ్ళందరికీ కూర్చునే హక్కు ఉండె. దుబాసికి లేదు. దొర మేజకు ఎడమ పక్కన నిలబడాలె.

పని ఏమిటంటే, సాక్షి తెలుగులో ఒక ముక్క చెప్పి ఆగుతడు. దుబాసి దాన్ని ఇంగ్రేజీలో చెప్తడు. దొర రాసుకుంటడు. చివరకు రాసిందంతా మళ్ళీ తెలుగులో చదివి వినిపించి, సాక్షి చేత నిశాని వేయించాలె. చేరిన నాడే ప్రమాణం చేయిస్తరు: చెప్పిన మాట చెప్పినట్టు, ఏదీ కలపకుండ, ఏదీ తీయకుండ. సాక్షి ఏడ్చినా దుబాసి ఏడవరాదు. సాక్షి తిడితే ఆ తిట్టును దొర మొఖం మీద చల్లగ అనాలె. ఈ నియమం పుణ్యమా అని ఒక దొరను గాడిద కొడుకని నోరారా అన్న. జీతం కోత కూడ పడలేదు. అడిగితే దుబాసికి నోరున్నట్టు, అడగకపోతే గోడతో సమానం.

ఆ చలికాలం సిరొంచ అంగడికి మదార్ సాబు అనే కథలాయన వచ్చిండు. ఆయన పెండ్లాం ఖాసింబీ పక్కన కూర్చుండి డోలకు కొట్టేది. కథ తురాన్ బాద్‌షాది. తురాన్ ఎక్కడున్నదంటే ఢిల్లీ అవతల, కాబూల్ అవతల, మంచుకొండల అవతల. అక్కడి మనుషులు గుర్రం మీదనే పుట్టి గుర్రం మీదనే సస్తరట. బాద్‌షాకు మోకాళ్ళ దాక బూట్లు, మడమల దాక అంగీ. వారం వారం అంగడి నాడు కొంత చెప్పి, మంచి పట్టు మీద ఆపేటోడు.

మదార్ సాబు పనితనమంతా ఒక్కదాంట్ల ఉండె. కథలోని జాగను ఊళ్ళోని జాగతో చూపెట్టేటోడు. కోట అంటే మా సిరొంచ కోట దిక్కు, ఏరు అంటే ప్రాణహిత దిక్కు కట్టె ఎత్తి, "అగో, ఆ ఒడ్డున గుర్రాలు నీళ్ళు తాగుతున్నయి" అనేటోడు. జనం తలలు తిప్పి చూసేది. చదువుకున్నవాణ్ణి, నేను తిప్పలేదు.

తిప్పిన. రెండుసార్లు.

ప్రాణహిత అవతలి ఒడ్డు నిజాం ఇలాకా. ఆ ఒడ్డున పరాయి ఫౌజు అనే మాట కచేరికి నవ్వులాట కాదు. పైగా ఆ రోజులలో రష్యావాడు కాబూల్ దిక్కు జరుగుతున్నడని దొరలకు ఒకటే గుబులు. ఇవన్నీ మనసులో ఉన్న పోలీసు జమేదారు ఒకడు నాగపూర్ నుంచి కొత్తగా వచ్చి ఉండె. దొర క్యాంపుకు పోయిన ఒక అంగడి నాడు, మదార్ సాబు ఫౌజును ఒడ్డుకు తెచ్చి నిలిపిన ఘడియకు, ఆ జమేదారు గుంపు వెనుక నిలబడ్డడు. మొదలు వినలేదు, చివర దాక ఆగలేదు. ఉరికి పోయి జవాన్లను తెచ్చి, కథ నడుమనే మదార్ సాబుకు బేడీలు వేసిండు.

తెల్లారి జమేదారు రపోటు నా చేతికి వచ్చింది, ఇంగ్రేజీలోకి మార్చమని. మంచుకొండల అవతలి బాద్‌షా ఫౌజు ప్రాణహిత అవతలి ఒడ్డున దిగింది, వచ్చే అంగడికి దాటుతది, సంగతి ఎరిగిన మనిషిని పట్టుకున్నం. చదివి కలం కింద పెట్టిన. తహసీల్దారు దగ్గరికి పోయి, అడగకున్నా నోరు విప్పి, ఇది కథ అని చెప్పిన. కథయినా సరే, బజారులో ఫౌజు మాట పుట్టించుడు నేరమే, దొర రాగానే బేడీలతో నాగపూర్‌కు పంపుతమని ఆయన జవాబు. బేడీలతో నాగపూర్ పోయినోడు తిరిగి వచ్చిన ముచ్చట సిరొంచలో ఎవరూ విని ఉండలేదు.

అంతకన్న పెద్ద దెబ్బ ఆ పొద్దే తగిలింది. పడవల బాటకని ఏటిలో బండలు కొట్టే కూలీలు నీళ్ళల్ల దిగమని కూచున్నరు. వాళ్ళ మేస్త్రీని అడిగితే, "పెట్టిన కథకు మంగళం పాడకపోతే కథల వచ్చినోళ్ళు మర్లి పోరు పంతులూ. ఫౌజు ఒడ్డుమీదనే ఉన్నది. దాటనన్న దాటాలె, మర్లనన్న మర్లాలె. నడుమ మేం దిగితే తొక్కి పారేస్తది" అన్నడు.

"కథ గదయ్యా అది!" అన్న.

"కథనే అయితె జమేదారు బేడీలెందుకేసిండు?"

నేను కచేరి దిక్కు మర్లిన.

ఖాసింబీ డోలకు ఒళ్ళో పెట్టుకొని కచేరి ముందర బైఠాయించింది. జమేదారు కనబడితే చాలు, "సాబూ, ఫౌజును ఇడిసిపెట్టి మా ముసలోణ్ణి పట్టుకున్నవు. అంత పరేషాన్ ఉంటే పోయి ఆ గుర్రాలకు జర గడ్డన్న ఏసిరారాదు?" అనేది. జవాన్లు మీసాల చాటున నవ్వేటోళ్ళు.

దొర క్యాంపు నుంచి వచ్చిండు. రపోటు చదివిండు, ఆగిన పని చూసిండు. మదార్ సాబు మిగిలిన కథంతా ఇజ్లాసులో, వాఙ్మూలంగా చెప్పాలె, విన్నంక అది కథనో నిజమైన ఖబరో నేను తేలుస్త అని హుకుం చేసిండు. ఇజ్లాసు అంటే దొర కూర్చునే న్యాయసభ. వరండా దాక జనం నిండిపోయిన్రు.

లోపలికి పిలిచే ముందు సిరస్తాదారు మదార్ సాబు చెవిలో ఉపాయం చెప్పిండు. ఫౌజు వెనుకకు మర్లిందని ఒక్క మాట అను, ఇంటికి పో.

"మర్లలే గద సాబ్" అన్నడు మదార్ సాబు. "మా అయ్య చెప్పిన కథల దాటింది. నేను మలిపితే ఈ జనం ఒప్పుకోరు. కూలీలు ఏట్ల దిగరు."

"మలుపయ్యా, నీ నోట్ల మన్నువడ!" అన్నది ఖాసింబీ. "ఇన్నేండ్లు ఆ ఫౌజును నడిపినవు. నా కోసం ఒక్కపారి మలుపరాదు?"

ఆయన లేచి ఇజ్లాసు దిక్కు నడిచిండు.

ఇజ్లాసులో మదార్ సాబు ముక్క ముక్క చెప్పిండు, నేను ముక్క ముక్క మార్చిన. ఫౌజు ఒడ్డుకు వచ్చింది. బాద్‌షా గుర్రం నీళ్ళల్ల కాలు పెట్టింది. మదార్ సాబు ఒకసారి పెండ్లాం దిక్కు చూసి, గొంతు సవరించుకొని, "దాటింది" అన్నడు.

ఇక్కడ జరిగింది ఇరవై ఏండ్లుగ పెండ్లి పందిళ్ళలో నేను ఒకటే తీరుగ చెప్తున్న: ఆయన దాటింది అంటే, నేను ఇంగ్రేజీలో వెనుకకు మర్లింది అని చెప్పి ఆయన ప్రాణం కాపాడిన. విన్నవాళ్ళు శాలువ కూడ కప్పిన్రు.

అబద్ధం. నా నోట దాటింది అనే వచ్చింది. చెప్పిన మాట చెప్పినట్టు. జమేదారు పాగా సర్దుకున్నడు. ఖాసింబీ చెయ్యి డోలకు మీద ఒక్క దెబ్బ వేసి ఆగిపోయింది.

దొర కలం కింద పెట్టి, నా దిక్కు చూడకుండ, తెలుగులో "దాటినంక?" అన్నడు.

దొరలు భాష పరీక్ష పాసు కావాలె అన్నది తెలుసు కాని, తప్పు దొర్లితే పరువు పోతదని కచేరిలో ఏ దొరా తెలుగు మాట్లాడడు. ఆయన నోట తెలుగు మాట నేను విన్నది అదే మొదలు. అంటే నేను మలిపి చెప్పి ఉంటే అక్కడికక్కడే దొరికిపోయేవాణ్ణి.

మదార్ సాబు తడబడ్డడు. "మా అయ్య కథ గక్కడికే అయిపోతది దొరా. గెలిచిన్రు, మంగళం."

"గెలిచినంక?"

ఆయన గడ్డం గోక్కున్నడు. "గెలిచినంక ఏముంటది దొరా. ఎండకు అంగీలిడిసిన్రు. తేళ్ళు దూరుతున్నయని బూట్లిడిసిన్రు. ఈడి పిల్లలనే చేస్కున్నరు. బాద్‌షా మనుమడు శివుని గుడికి పోయిండు. ఆని మనుమనికి తురాన్ ఏ దిక్కున ఉన్నదో గూడ తెల్వదు. మా తాతలు ఆ ఫౌజుల వచ్చినోళ్ళేనట. ఇగ సూడున్రి నన్ను. జొన్నగట్క తింట. తెలుగు, జర ఉర్దూ తప్ప ఏం రాదు. గదే ఆ ఫౌజు. జమేదార్ సాబు పట్టుకున్నడు."

అంతా మార్చి చెప్పిన. వరండా గొల్లుమన్నది. దొర నవ్వలేదు. సొరుగు తీసి ఒక పాత రాగి నాణెం మేజ మీద పెట్టిండు. పెషావర్ దిక్కు నౌకరీలో ఉండంగ కొన్నదట. ఒక పక్క పొడుగంగీ, బూట్లు తొడిగిన రాజు. రెండో పక్క త్రిశూలం పట్టిన శివుడు, వెనుక నంది. వీళ్ళను మా దొరల పుస్తకాలలో కుషాణులంటరు, మంచుకొండల అవతలి నుంచి వచ్చి రాజ్యమేలి మన్నులో కలిసిపోయి వెయ్యేండ్లు దాటింది, ఈ సంగతి నీకెట్ల తెలుసు అని నా చేత అడిగించిండు.

"తెల్వదు దొరా," అన్నడు మదార్ సాబు. "మీరు అడిగిన్రు, నోటికొచ్చింది చెప్పిన."

అప్పుడు దొర మేజ కింద తన బూట్ల దిక్కు చూసుకున్నడని రాద్దామనుకున్న. చూసుకోలేదు. ఆ బూట్ల దిక్కు నేను చూసిన.

ఇది కథ, ఖబరు కాదు, మనిషిని విడవాలె అని దొర హుకుం రాసిండు. బేడీలు తీసినంక ఖాసింబీ డోలకు కొట్టింది, మదార్ సాబు ఇజ్లాసులోనే మంగళం పాడిండు. తెల్లారి కూలీలు ఏటిలో దిగిన్రు.

సాక్షి ఆగిందాక దుబాసి నోరు తెరవరాదన్నది నాకు ముందే తెలుసు. ఆగినంక కూడ "తర్వాత?" అని ఒకసారి అడగాలన్నది ఆ రోజు తెలిసింది. అడిగే హక్కు దుబాసికి లేదు. దొర అనుమతిస్తే ఉంటది. పెన్షను తీసుకునే దాక ప్రతి వాఙ్మూలం చివర ఆ అనుమతి అడిగిన. ప్రతిసారి ఇచ్చిన్రు అని రాస్తే అబద్ధమైతది. ఎక్కువసార్లు ఇవ్వలేదు.