వాగు హద్దు, ఓబులమ్మ కందిచేను

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను గిద్దలూరు దగ్గర నల్లమల అంచున ఫారెస్టరుగా పనిచేశాను. దొంగ గొడ్డలిని అడవిలోకి రానివ్వకపోవడమే నా ఉద్యోగం. మా రిజర్వుకు, అంటే సర్కారు కాపాడే అడవికి, తూర్పు హద్దు ఒక వాగు. వాగుకు పడమర అడవి, తూర్పున రైతుల చేలు. రాళ్లు పాతలేదు. వాగు ఉన్నచోటే ఉంటుందనుకున్న మహానుభావుడెవరో!

ఒక వానాకాలం వాగు పొంగి, అడవిని కోసుకుంటూ కొత్త దారి చేసుకుంది. దాంతో గట్టున ఉన్న ఏరుమద్ది తోపు వాగుకు తూర్పున పడింది. వెంటనే ఒక కలప కాంట్రాక్టరు దిగాడు. తోపు ఇప్పుడు రిజర్వులో లేదు కాబట్టి కొట్టుకోవడానికి పర్మిట్ కావాలన్నాడు. కంచే చేను మేస్తే ఇంకేం చెప్పను, మా పై ఆఫీసరు ఇచ్చేశాడు. నేను అడ్డం పడితే, “హద్దు వాగేనయ్యా. వాగు ఎక్కడుంటే హద్దు అక్కడే. మధ్యలో నీకేం నొప్పి?” అన్నాడు.

నొప్పి ఓబులమ్మది. తోపు పక్కనే ఆమె కందిచేను. మగడు పోయాక ఆమెకు అదొక్కటే ఆధారం. గొడ్డళ్లు దిగిన రోజు నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

“ఆ చెట్లే గట్టును పట్టుకోని ఉండాయి నాయనా. కొట్టేస్తే వాగు నా చేన్లోకే వస్తాది. వాగు జరిగితే అడవి గూడా జరుగుతాదా?”

మానులన్నీ బండ్లెక్కి పోయాయి.

మరుసటి ఏడు వాగు ఆమె అన్నట్టే తిరిగింది. ఆపే వేరు ఒక్కటీ లేదు. చేనులో తూర్పు సగం వాగు పాలైంది. మిగిలిన ముక్క వాగుకు పడమర, అడవి వైపు ఉండిపోయింది. ఆమెకు జరిగిన నష్టం గురించి నేను పైకి రాస్తే వచ్చిందేమిటో తెలుసా? ఓబులమ్మకు నోటీసు! రిజర్వు అడవిలో సేద్యం చేస్తున్నావు, ఖాళీ చెయ్యమని. అదీ నా చేతులమీదుగా ఇవ్వాలట. ఒళ్లు మండిపోయింది. ఇవ్వనన్నాను. నాకు బదిలీ వచ్చింది, నోటీసు ఇంకొకరు ఇచ్చారు.

వెళ్లే ముందు చెప్పిపోదామని చేనుకు పోయాను. ఆమె ఉన్న కంది కోసుకుంటోంది.

“నేను అడవిలోకి పోలేదు నాయనా. ఈడనే నిలబడి ఉండాను,” అంది.

ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, వాగును హద్దు చేయొద్దని, రెండు గట్ల చెట్లతో సహా వాగును అడవిలోనే ఉంచమని పోట్లాడాను. కొన్నిచోట్ల విన్నారు. కానీ ఆ నోటీసు తలచుకుంటే ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది. నిలువెత్తు మద్ది తోపును అడవి కాదన్నవాళ్లే, ఒక ఆడమనిషి దున్నుకున్న చేనును అడవి అన్నారు.