ఆరని రంగు మీద బొట్టు

మొన్న హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఒక పాతకాలపు కారు వచ్చి నా పక్కన ఆగింది. నా చూపు దాని పుల్లల చక్రాల మీదే నిలిచిపోయి, పచ్చలైటు వెలిగినా నేను కదలకపోయేసరికి వెనక ఆటోల వాళ్లు హారన్లతో చెవులకు తూట్లు పొడిచారు. కార్లకూ సైకిల్ లాంటి చక్రాలుండేవంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ, మన ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అప్పట్లో నేను కాశిబుగ్గలో సైకిల్ చక్రాలకు పుల్లలు బిగించి వంకర తీసేవాణ్ణి. మా అక్క భర్తకు, అంటే మా బావకు, మోటారు షెడ్డు ఉండేది. ఒక బియ్యం వ్యాపారి కూతురి పెళ్లి ఊరేగింపు కోసమని తన తండ్రి నాటి కారును అక్కడికి తెచ్చాడు. నాలుగు చక్రాలూ తుప్పు పట్టిపోయి ఉన్నాయి. బావ నన్ను పిలిచి, పని బాగొస్తే షెడ్డులోనే ఉండిపోవచ్చని, చెడితే మళ్లీ సైకిళ్లేనని ముందే తేల్చి చెప్పాడు. నాకు పెళ్లయి నెల కూడా కాలేదు, కాలూనుకునే చోటు దొరుకుతుందని ఎంత ఆశపడ్డానో.

చక్రానికి డెబ్బై రెండు పుల్లలు. కిరసనాయిలుతో కడిగి, గరుకు కాగితంతో తుప్పు గీకి, సందుల్లోకి కుంచె దూరకపోతే మగ్గాల దగ్గర పారేసిన నూలు పోగులు ఏరుకొచ్చి, వెండి రంగులో ముంచి పుల్ల పుల్లకూ చుట్టి లాగాను. షెడ్డులో దుమ్మని, ఆరబెట్టడానికి మా ఇంటి వెనక వసారాలో వేలాడదీశాను.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ స్నానం చేసి వచ్చి, నాకు మంచి జరగాలని నాలుగు చక్రాలకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. ఆరని రంగు పసుపును పీల్చుకుంది, తుడిచేకొద్దీ బురదైంది. ఒళ్లు మండి నోటికొచ్చినట్లు తిట్టాను. ఆమె ఏడవలేదు, తిన్నగా షెడ్డుకు నడిచింది. నేను వెనకే పరుగెత్తేసరికి బావ ముందు నిలబడి, "అన్నా, ఆయన తప్పేం లేదు, నేనే పెట్టిన" అంటోంది.

బావ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "బొట్టు పెట్టుడు మంచిదే చెల్లె, జర ఆరేదాక ఆగాలె గదా. పెండ్లికి ఇంక ఆరు రోజులున్నయి, ఫికర్ చేసుకుంట కూసోకుండ్రి, ఇద్దరు కలిసి చేయుండ్రి."

రంగంతా గీకి మళ్లీ వేశాం. నేత ఇంటి పిల్ల కావడంతో పోగు ఆమె చేతిలో చెప్పినట్లు వినేది, నా పని కంటే ఆమె పనే నున్నగా వచ్చింది. ఇక ఆరడానికి మూడు రోజులు. దుమ్ము పడకుండా వసారా చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి, ఈగ వాలకుండా విసనకర్రతో వంతులవారీగా విసురుతూ చక్రాల ముందే కూర్చున్నాం. అంతకుముందు అన్నం, నీళ్లు అడగడం తప్ప ఆమెతో మాట్లాడిందే లేదు. చిన్నప్పుడు మగ్గం గుంటలోనే నిద్రపోయేదని, నా నడక చూస్తే నవ్వొస్తుందని అప్పుడే తెలిసింది.

వ్యాపారి పుల్లల మీద వేలు రాసి చూసుకుని, తృప్తిగా తలూపి కారు తీసుకుపోయాడు. నేను ఆ షెడ్డులోనే పని మానే వయసు దాకా ఉండిపోయాను.

ఇప్పుడు యంత్రంలో పెడితే గంటలో రంగు గట్టిపడుతుందట. మంచిదే, నాకు పేచీ ఏమీ లేదు. కానీ ఆ రోజు అలా గంటలో ఆరిపోయి ఉంటే, నేను చక్రాలు పట్టుకుని షెడ్డుకూ ఆమె వంటింట్లోకీ వెళ్లిపోయేవాళ్లం. తిట్టినందుకు తప్పయిందని ఆమెతో అనడానికి నాకు మూడో రోజు మధ్యాహ్నం దాకా పట్టింది.