కానుగ చెట్టు దాకా

పోయిన నెల ఒక మంగళవారం ఉదయం నా భార్య చనిపోయింది. గుండె ఆగింది. మధ్యాహ్నానికి సుగటూరులోని మా ఇల్లు బంధువులతో నిండిపోయింది. రెండు గంటలకు నేను లేచి మల్బరీ తోటలోకి వెళ్ళాను. ఒంటరిగా ఏడవడానికి వెళ్ళాననుకున్నారు. నేను వెళ్ళింది థర్మామీటరు చూడడానికి.

బంగారు గని ప్రభుత్వం చేతికి వచ్చాక అందులో చేరినవాణ్ణి. భూమి లోపలి గాలి, వేడి కొలిచి రాసే విభాగంలో గుమాస్తాను. రాబర్ట్‌సన్‌పేటలో కాపురం. గని మూతపడ్డాక ఆమె పుట్టిన ఊరికి వచ్చి పట్టుపురుగులు పెట్టాము. పురుగుల గదికి కొన్న థర్మామీటర్లలో ఒకటి మిగిలితే, దాన్ని ఆమె వసారా నీడలో తగిలించి రోజూ రెండు గంటలకు వేడి ఎంతో నోటుబుక్కులో రాసుకునేది. వేడి ముదిరితే పురుగులు ఆకు ముట్టవు. మా వేసవి పంట రెండుసార్లు అలాగే పోయింది.

మనుషుల వల్ల లోకం వేడెక్కుతోందన్న మాట నేను నమ్మలేదు. ఏటేటా పెరిగిన అంకెలు ఆమె బుక్కులో చూపిస్తే, అది పక్కింటి రేకుల షెడ్డు సెగ అన్నాను.

ఆమె కోప్పడలేదు. థర్మామీటరు ఊడదీసి నా చేతిలో పెట్టింది.

"సరే, మీకు అనుమానం లేని చోటు యాడుండాదో మీరే చూపించండి."

తోట చివరి కానుగ చెట్టు చూపించాను. అక్కడికి షెడ్డు సెగ రాదన్నది నిజం. మోకాళ్ళ నొప్పితో నాలుగు రోజుల్లో మానేస్తుందని నేను అనుకున్నదీ నిజం. థర్మామీటరు ఆ చెట్టుకు తగిలించి పదకొండేళ్ళు నడిచింది. జ్వరం వస్తే నన్ను పంపేది. "చెట్టు దాకా పోయినారా, గట్టు మీంచే చూసి వచ్చినారా?" అని అడిగేది.

ఒక ఎండాకాలం పాత బుక్కులూ కొత్తవీ పక్కపక్కన పరిచింది. చెట్టు కింద కూడా వేడి పెరుగుతూనే వచ్చింది.

"ఇంగ షెడ్డు ఏమాయె? నడిచొచ్చిందా చెట్టు కిందికి?"

నేను గని సంగతి ఎత్తాను. "భూమికి దాని వేడి దానికుండాది. లోపల రాయి కాలిపోతుండె. దాన్నెవరు ముట్టిచ్చినారే?"

"రాతి వేడి వేరే, మిషన్లది, మనుషులది వేరే రాసినానని మీరే కదా చెప్పింది? ఆడ లెక్కకొచ్చిన మనిషి ఈడెందుకు రాడు సామీ?"

రాగిముద్ద కెలుకుతూ అన్న మాట అది. నేను పేపరు తిప్పుకున్నాను.

నా అనుమానాన్ని ఆమె ఎన్నడూ తప్పుపట్టలేదు. "అనుమానపడినోళ్ళు కొలవాల కూడా" అనేది. ఒక్క తోట లోకం సంగతి చెప్పదంటే ఒప్పుకుంది. "తక్కిన లోకాన్ని కొలిచేవాళ్ళు వేరే ఉండారు. మన తోట మనం కొలుద్దాం." ఎండలను తిడుతూ కూర్చోలేదు. పురుగుల గది మీద కొబ్బరి మట్టలు పరిపించి, కిటికీలకు తడి గోనెలు కట్టి, మరుసటి వేసవి పంట నిలబెట్టింది.

తక్కిన లోకాన్ని కొలిచినవాళ్ళ రాతలు ఆమెకు తెలియకుండా చదివాను. షెడ్డు మీదికి నెట్టాను, రాతి మీదికి నెట్టాను. నెట్టడానికి ఇంకేమీ దొరకలేదు. రెండేళ్ళుగా తెలిసి కూడా ఆమెతో ఆ మాట అనలేదు. వీలు లేక కాదు, ఓడిపోవడం ఇష్టం లేక. ఆమె చెప్పింది నిజమని ఇప్పుడు మీతో చెబుతున్నాను.

ఆమె పోయిన రోజు కూడా బుక్కులో గడి ఖాళీగా లేదు. ఆ తర్వాత కూడా లేదు. రాత మాత్రం నాది.

మల్బరీ వరుసల మధ్య, చెట్టు దాకా, ఆమె పాదాలు వేసిన సన్నని బాట ఉంది. వానలు పడి రెండు పక్కలా గడ్డి లేచింది. బాటలో ఇంకా మొలవలేదు. మొలవనివ్వను.